మీ ఇంటి రంగుటద్దాల కిటికీ వయసెంత?

నిజామాబాదు నుంచి బోధన్‌కు బస్సులో వెళ్ళేటప్పుడు మీరు దేన్ని చూస్తారు? జానకంపేట, ఎడపల్లి దాటుతుంటే రోడ్డుకి రెండు పక్కలా పచ్చటి పొలాలు కనిపిస్తాయి. అందరి చూపూ అటే పోతుంది. నేను మాత్రం ఊళ్ళు వచ్చినప్పుడు పాత ఇళ్ళ దర్వాజాల పైకి చూస్తాను. ఎందుకంటారా? అక్కడక్కడా ఇంకా నిలబడి ఉన్న పాత మిద్దెలకి, దర్వాజా మీద కమానులో ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు అద్దాలు ఉంటాయి. సాయంత్రం ఎండ పడితే ఆ రంగులు గచ్చు మీద పరుచుకుంటాయి. చిన్నపిల్లలు వాటిని కాలితో తొక్కి ఆడుకుంటారు.

మీ పుట్టింట్లోనో, అత్తింట్లోనో అలాంటి కిటికీ ఉందా? ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. ఇంట్లో ఎవరైనా "ఇది తాతల నాటిది" అంటారు. ఇంకొకరు "బెల్జియం అద్దం, నూటయాభై ఏళ్ళది" అంటారు. కొనడానికి వచ్చినవాడు "పాత సామాను, దీనికేం విలువ లేదు" అంటాడు. వీళ్ళలో ఎవరి మాట నిజమో మనంతట మనమే తెలుసుకోవచ్చు. పెద్ద చదువులు అక్కర్లేదు. కాస్త ఓపిక, ఒక టార్చిలైటు, ఒక భూతద్దం ఉంటే చాలు.

ముందు మన ప్రాంతం సంగతి చెబుతాను. ఇల్లు ఎప్పుడు కట్టి ఉంటారో తెలిస్తే కిటికీ సంగతి సగం తేలిపోతుంది.

నిజామాబాదుకి పాత పేరు ఇందూరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇటువైపు హైదరాబాదు నుంచి మన్మాడ్ దాకా రైలు వచ్చింది. మన్మాడ్ నుంచి బొంబాయికి దారి ఉండనే ఉంది. అద్దమంటే బరువు, పైగా పగిలే వస్తువు. ఎడ్లబండ్ల మీద వందల మైళ్ళు తేవడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. రైలు వచ్చాక గడ్డిలో చుట్టి పెట్టెల్లో తెప్పించుకోవడం తేలికయింది. ఆ తర్వాత మంజీర మీద నిజాంసాగర్ ప్రాజెక్టు వచ్చింది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు దానికి పెద్ద దిక్కు. కాలువల్లో నీళ్ళు పారాయి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. వరి, చెరుకు పెరిగాయి. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దానికి పేరు. 2015 డిసెంబరులో అది మూతపడింది. గానుగ రోజుల్లో ఊరంతా వచ్చే బెల్లపు వాసన తలచుకుంటే ఇప్పటికీ ఆ వైపు వాళ్ళ గొంతు మారిపోతుంది.

ఈ మూడూ గుర్తుపెట్టుకోండి: రైలు, నీళ్ళు, చెరుకు. ఈ వైపు రంగుటద్దాల ఇంటికి వయసు కట్టేటప్పుడు, ఈ మూడింటిలో దేని తర్వాత ఆ ఇంటివాళ్ళ చేతిలో డబ్బు ఆడిందో ముందు అడగాలి.

ఇక మా ఇంటి సంగతి. మా అత్తగారి ఊరు బోధన్ దగ్గర ఒక పల్లె. మా ఆయన ముగ్గురన్నదమ్ముల్లో నడిపివారు. కిందటేడు ఎండాకాలంలో పాత ఇల్లు విప్పేద్దామనుకున్నారు. దూలాలకు చెదలు పట్టింది, వానాకాలం గండం గడవదనిపించింది. పెద్దర్ర దర్వాజా మీద కమాను, పక్కన రెండు రెక్కల కిటికీ ఉన్నాయి. అన్నీ రంగుటద్దాలు, నడుమ కొన్ని తెల్లటివి. ఒక వ్యాపారి వచ్చి చూసి, "అద్దాలకేం రాదు, కట్టె ధర ఇస్తా" అన్నాడు. వారం తర్వాత ఇంకొకాయన వచ్చి, "ఇది నూటయాభై ఏళ్ళ బెల్జియం కిటికీ, హైదరాబాదులో లక్షలు పలుకుతది. అమ్మిపెడతా, నా కమీషన్ నాకియ్యండి" అన్నాడు. ఇంకేముంది, ఇంట్లో గొడవ మొదలైంది. మా బావగారికి ఆ ఏడే కూతురి కాలేజీ ఫీజు కట్టాలి. అమ్మితే తలా ఇంత వస్తుంది కదా అన్నది ఆయన మాట. మా మరిదికేమో అమ్మడం ఇష్టం లేదు.

మా అత్తమ్మ మాత్రం ఒకటే మాట. "గది మా మామ చెరుకు పైసలతోని కట్టిచ్చిన ఇల్లు బిడ్డా. నూటయాభై ఏండ్లేంది? గప్పుడు చెరుకెక్కడిది?" అంది. పెద్దదాని మాట ఎవరు వింటారు? "నీకేం ఎరుక అమ్మా, నువ్వు కోడలిగ వచ్చిందే తర్వాత కదా" అని కొడుకులు కొట్టిపారేశారు. నాకు మనసుకి కష్టమనిపించింది. ఎవరి మాట నిజమో ఆ కిటికీనే అడుగుదామనుకున్నాను.

మొదటి ప్రశ్న ఇది: రంగు అద్దంలో ఉందా, అద్దం మీద ఉందా? అద్దం అంచు దగ్గర టార్చి పెట్టి చూడండి. మందం మొత్తం ఒకే రంగులో ఉంటే గాజు కరిగినప్పుడే రంగు కలిపారన్నమాట. కోబాల్టు కలిపితే నీలం వస్తుంది. ఇనుము, క్రోమియం కలిపితే ఆకుపచ్చ. రాగితోనో, బంగారంతోనో ఎరుపు. ఎరుపుకి ఒక చిత్రం ఉంది. మందమంతా ఆ రంగే ఉంటే అద్దం నల్లగా కనిపిస్తుంది. అందుకని తెల్ల అద్దం మీద పల్చటి ఎర్ర పొర పట్టించేవారు, కాజా మీద పాకం పట్టించినట్టు. అంచు పెచ్చు ఊడిన చోట భూతద్దం పెడితే తెల్లదనం మీద సన్నని ఎర్ర గీత కనిపిస్తుంది. ఇలా కాక, రంగు పైపైన పూసినట్టు ఉండి అక్కడక్కడా లేచిపోతుంటే అది వార్నిషు రంగు. మూలల్లో గాలి బుడగలతో పొరలా లేస్తుంటే ఈమధ్య అతికించే ప్లాస్టిక్ కాగితం. చూసి చెప్పండి గానీ గోటితో గీకి మాత్రం చూడకండి.

రెండో ప్రశ్న: అద్దం ఎలా తయారైంది? దీనికి రంగుటద్దాల కన్నా తెల్లటి అద్దాలే బాగా సాక్ష్యం చెబుతాయి. అద్దానికి ఏటవాలుగా నిలబడి, అందులో కనిపించే కరెంటు స్తంభాన్నో, కిటికీ చువ్వనో చూస్తూ తల మెల్లగా అటూ ఇటూ కదపండి.

బాగా పాతకాలంలో కరిగిన గాజు ముద్దను గొట్టం చివర పెట్టి, రుమాలీ రొట్టె తిప్పినట్టు గిరగిరా తిప్పి పళ్ళెంలా విప్పేవారు. దాన్ని ముక్కలుగా కోస్తే అద్దంలో వంపు తిరిగిన గీతలు కనిపిస్తాయి. ఇంకో పద్ధతిలో గాజును పొడుగు సొరకాయలా ఊది, రెండు కొసలూ కోసి, నిలువునా చీల్చి, వేడి మీద చాప పరిచినట్టు పరిచేవారు. అందులో అలలు ఒక లెక్క లేకుండా ఉంటాయి, బుడగలు పొడుగ్గా సాగి ఉంటాయి. 1914లో బెల్జియంలో ఫూర్కో అనే ఆయన పద్ధతి పనిలోకి వచ్చింది. కరిగిన గాజును మరతో పలకలాగా నేరుగా పైకి లాగేస్తారు. ఆ అద్దంలో అలలు ఒకే దిక్కున, ఒకదాని పక్కన ఒకటి దువ్వెనతో గీసినట్టు ఉంటాయి. ఆ తర్వాత 1959లో ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ, కరిగిన తగరం మీద గాజును తేలించే పద్ధతిని లోకానికి చెప్పింది. పాల మీద మీగడ కట్టినట్టే అద్దం చదునుగా కడుతుంది. అందులో అలలే ఉండవు. మన దేశంలో ఆ అద్దం తయారీ 1990ల్లో మొదలైంది. ఇప్పుడు మనం వాడే కిటికీ అద్దాలు చాలామటుకు అవే.

పువ్వులూ చుక్కలూ ఉన్న అద్దం సంగతి వేరు. అప్పడాల కర్ర కింద పిండిలా వేడి గాజును రెండు రోలర్ల మధ్య నడిపిస్తారు. రోలరు మీది డిజైను అద్దం మీద అచ్చుపడుతుంది. ఇది 1890 ప్రాంతం నుంచి ఉంది, ఈ రోజుకీ ఉంది. కనుక పువ్వులున్నంత మాత్రాన పాతదని అనుకోకూడదు.

ఇంకో మాట. "పాత అద్దం కిందికి జారుతుంది, అందుకే అడుగున మందంగా ఉంటుంది" అని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. గాజు వందేళ్ళకైనా అలా జారదు. పాత పద్ధతుల్లో పలక అంతా ఒకే మందంగా వచ్చేది కాదు. మందమున్న వైపు కింద పెట్టి బిగిస్తే, తర్వాత చూసినవాళ్ళకి జారిందనిపించింది, అంతే.

ఇవన్నీ చదివినా నాకు ధైర్యం చాలలేదు. ఏ ఏడు బిగించారో రాతపూర్వకంగా తెలిసిన కిటికీని ఒకసారి దగ్గరగా చూస్తే మంచిదనిపించింది. అలాంటివి మనకి ఎక్కడో సీమలో లేవండీ, మెదక్‌లోనే ఉన్నాయి. ఒక ఆదివారం అత్తమ్మను వెంటబెట్టుకుని కామారెడ్డి, రామాయంపేట మీదుగా వెళ్ళాము. దారిలో కామారెడ్డి దగ్గరి దోమకొండ గడికోట గురించి బస్సులో ఒకామె చెప్పింది. పాతదాన్ని పాడుచేయకుండా బాగుచేసినందుకు దానికి 2022లో యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. అత్తమ్మ అంతా విని, "మరి మనోళ్ళు విప్పి అమ్ముతమంటున్నరు" అంది.

మెదక్ చర్చిని కట్టించింది చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు. 1914లో మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న ప్రారంభించారు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని ఆ పని పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. బలిపీఠం వెనక యేసు పరలోకానికి ఎక్కిపోయే దృశ్యం ఉంది, దాన్ని 1927లో పెట్టారు. ఆయన పుట్టుక దృశ్యం 1947లో, సిలువ దృశ్యం 1958లో పెట్టారు. గమనించారా? గోడ వయసొకటి, కిటికీల వయసులు వేరు. ఒకే గుడిలో ఒక కిటికీకి, ఇంకో కిటికీకి ముప్పై ఏళ్ళ తేడా ఉంది. "కట్టడం పాతది కాబట్టి కిటికీ కూడా అంతే పాతది" అనేవాళ్ళకి మెదక్ ఒక్కటి చాలు జవాబు.

అక్కడ ఇంకోటి కూడా అర్థమయింది. ఆ కిటికీలు చిన్న చిన్న రంగుటద్దాల ముక్కల్ని సీసపు పట్టీలతో అతికి చేసినవి. ముఖాలు, బట్టల మడతలు రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు, అందుకే అవి చెరిగిపోవు. వెలుగు వెనక నుంచి వస్తేనే బొమ్మ కనిపిస్తుంది. పొద్దుగూకిందంటే అంతా నల్లని పలకే. మా ఇళ్ళల్లోవి అలాంటివి కావు. చదరపు అద్దాలను టేకు బద్దల మధ్య లప్పం పెట్టి బిగించినవి. చర్చి కిటికీని తెప్పించాలంటే చిత్రకారుడు కావాలి, ఇంటి కిటికీకి అద్దాల పెట్టె, ఊరి వడ్లాయన ఉంటే చాలు. అంటే మన కిటికీలో పై పనితనమంతా మన ఊరి మనిషిది. ఈ తేడా తెలిశాక "బెల్జియం కిటికీ" అన్న మాటకి అర్థం లేదని తేలిపోయింది. అద్దం బెల్జియంది అయితే కావచ్చు. ఆ రోజుల్లో కిటికీ అద్దం ఎగుమతిలో బెల్జియం పెద్ద పేరు. కానీ కిటికీ మాత్రం మా పల్లెదే.

తిరిగొచ్చి మా కిటికీని మళ్ళీ చూశాను. తెల్ల అద్దాల్లో అలలు ఒకే దిక్కున, దువ్వెన గీతల్లా ఉన్నాయి. అంటే మర లాగిన అద్దం, 1914కి ముందుది కాదు. నూటయాభై ఏళ్ళ మాట అక్కడికక్కడే పోయింది. ఎరుపు అద్దాల అంచున సన్నని పొర కనిపించింది. కట్టె ధర తప్ప ఏం రాదన్న మొదటి వ్యాపారి మాట కూడా నిలవలేదు, అవి పూత రంగులు కావు మరి. లప్పం రాయిలా బిగిసి ఉంది. సుద్దపొడి, అవిసె నూనె కలిపి పెట్టే పాత లప్పం అది. అయితే ఎడమ రెక్కలో ఒక్క అద్దం దగ్గర లప్పం తెల్లగా, మెత్తగా ఉంది, మొలలు కూడా వేరు. ఆ అద్దం మీద చిన్న చిన్న పువ్వులున్నాయి. అత్తమ్మను అడిగితే నవ్వింది. "నా పెండ్లయిన మూడో ఏడు హోలీకి పిల్లలు రాయితోని కొట్టిన్రు. నిజామాబాదు పోయి మీ మామ తెచ్చిండు. అసొంటి నీలం దొరకలే" అంది. చూశారా, కిటికీకి ఒకే వయసు ఉండదు. చౌకట్టుది ఒకటి, అద్దానిది ఒకటి, అతుకుది ఒకటి. అన్నింటినీ విడివిడిగా అడగాలి.

ఇక మిగిలింది కాగితం. ఇల్లు విప్పేముందు అటక మీది సందుగు దించితే అందులో ఉర్దూలో రాసిన లెక్కల పుస్తకం దొరికింది. నిజామాబాదులో రిటైరైన ఒక ఉర్దూ మాస్టారు చదివి పెట్టారు. ఇసుక, సున్నం, టేకు, కూలీలు, ఆ వరసలోనే "రంగీన్ షీషా" అని ఒక పద్దు. షీషా అంటే అద్దం. మనం సీసా అనే మాట దాని నుంచి వచ్చిందే. పైన ఏడు 1348 అని ఉంది. అది మన లెక్క కాదు, ఫసలీ. నైజాం రోజుల్లో లెక్కలన్నీ ఫసలీలోనే రాసేవారు. పాత పహాణీలు చూసినవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు మొదలైన అక్టోబరు ఏ సంవత్సరంలోదో వస్తుంది. 1348కి 590 కలిపితే 1938. అంటే 1938 అక్టోబరు నుంచి 1939 అక్టోబరు లోపల. ఫ్యాక్టరీ వచ్చిన మరుసటేడు అన్నమాట. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది, 1940 మేలో బెల్జియం జర్మనీ చేతిలోకి పోయింది. ఆ తర్వాతైతే అటు నుంచి అద్దం రావడం ఎక్కడిది?

మాస్టారు చదువుతుంటే ముగ్గురు కొడుకులూ అమ్మ మొహం చూశారు. చెరుకు పైసలు అన్నది ఆమెనే కదా! అత్తమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. "మాస్టరుకు చాయ పొయ్యి బిడ్డా" అంది నాతో.

లక్షల బేరం పోయింది. మా బావగారి అవసరం మాత్రం అలాగే ఉంది కదా. చివరికి ఊళ్ళో వడ్లాయనతో టేకుకి ధర కట్టించారు. మా మరిది తన వాటా దూలాల్లో ఒకటి తగ్గించుకుని కిటికీ, కమాను తీసుకున్నాడు. ఆ దూలం డబ్బు బావగారికి ముట్టింది. నిజామాబాదులో మరిది కట్టుకుంటున్న ఇంట్లో ముందర్రకి పడమటి గోడన వాటిని బిగించారు. పువ్వుల అద్దాన్ని మార్చి నీలం వేయిద్దామని అతనన్నాడు. "ఉండనియ్యి, గది మీ నాయిన పెట్టింది" అంది అత్తమ్మ. అది అలాగే ఉంది.

మీ ఇంట్లో అలాంటి కిటికీ ఉంటే ఈ కొన్ని జాగ్రత్తలు తీసుకోండి.

విప్పేముందు లోపలి నుంచి, బయటి నుంచి ఫొటోలు తీయించండి. ఏ అద్దం ఎక్కడుందో కాగితం మీద గడులు గీసి రంగు పేరు రాసుకోండి.

అద్దాలు ఊడదీయకండి. లప్పం బిగిసి ఉంటుంది, తొలిచేటప్పుడు పగులుతాయి. చౌకట్టుతో సహా తీయించండి. బండిలో పడుకోబెట్టకుండా, నిలబెట్టి పాత బొంతల మధ్య కట్టి తీసుకెళ్ళండి.

తుడవడానికి మెత్తటి నూలు గుడ్డను మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండి వాడండి. సోడా, ఆసిడ్, గిన్నెలు తోమే పీచు దగ్గరికి రానివ్వకండి. గీసిన బొమ్మలున్న అద్దమైతే, రంగు లేస్తోందేమో చూసుకునే వరకు తడిగుడ్డ కూడా వద్దు.

పాత రంగుల్లో, పట్టీల్లో సీసం ఉంటుంది. గీకకండి, పిల్లల్ని దగ్గర ఉంచకండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

పగిలిన అద్దం బదులు కొత్తది వేస్తే, ఏ ఏడు వేశారో చౌకట్టు లోపలి వైపు పెన్సిలుతో రాసిపెట్టండి. మీ మనవరాళ్ళకి పని తగ్గుతుంది.

అన్నిటికన్నా ముందు ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడగండి. ఏ పంట డబ్బుతో కట్టారు, ఎవరి పెళ్ళికి సున్నం వేశారు, ఏ పండగకి ఏ అద్దం పగిలింది, అన్నీ రాసుకోండి. తర్వాత అద్దంతో, కాగితంతో సరిచూసుకోండి. కొనేవాడు వచ్చి ధర చెప్పకముందే ఈ పని అయిపోవాలి సుమా!